క్లోజ్డ్ బ్యాక్ స్టూడియో హెడ్‌ఫోన్: ఎలా పరీక్షించాలి, ఆంప్ ఎప్పుడు కావాలి

హెడ్‌ఫోన్ ఓమ్‌లు (ఇంపెడెన్స్, అంటే కరెంట్‌కి అది చూపే అడ్డు) ఎక్కువైతే పెద్ద ఆంప్ (సిగ్నల్‌ని పెంచే యాంప్లిఫయర్) కొనాలి, తక్కువైతే ఫోన్ చాలు. దుకాణంలో అడిగినా, స్టూడియోలో అడిగినా ఎక్కువగా వచ్చే సలహా ఇదే. ఇందులో నిజం సగమే. బేయర్‌డైనమిక్ డీటీ 770 ప్రో 32, 80, 250 ఓమ్‌ల మోడళ్లలో వస్తుంది. 2021 నుంచి వచ్చిన మ్యాక్‌బుక్ ప్రోలకి నేరుగా గుచ్చితే 80 ఓమ్‌ల దానికన్నా 250 ఓమ్‌లదే ఎక్కువ బిగ్గరగా మోగగలదు. అదే 250 ఓమ్‌లది ఒక చిన్న డాంగిల్‌కి (ఫోన్‌కి తగిలించే హెడ్‌ఫోన్ అడాప్టర్) పెట్టి డప్పు రికార్డ్ చేయబోతే, వాయించేవాళ్లకు క్లిక్ (లయ చూపే టిక్ టిక్) సరిగా వినపడదు. ఓమ్‌ల అంకె ఒక్కదాన్నే చూస్తే ఈ రెండూ అంతుపట్టవు.

పరీక్ష చేసే వరస ముఖ్యం. ముందు కప్పు చెవి చుట్టూ ఎలా పట్టిందో చూడాలి, తర్వాత శబ్దం వినాలి, ఆంప్ లెక్క ఆ తర్వాత. ఈ వరస తిరగబడితే, ప్యాడ్ సందులోంచి కారిపోతున్న బేస్‌ని చూసి ఆంప్‌లో పస లేదనుకుంటారు. అనవసరంగా డబ్బు పెట్టి ఆంప్ కొంటారు, బేస్ మాత్రం రాదు.

## ముందు పని ఏమిటో తేల్చుకోండి

డ్రైవర్ (శబ్దం పుట్టించే భాగం) వెనక కప్పు మూసి ఉండేదే క్లోజ్డ్ బ్యాక్. దీనివల్ల క్లిక్, ట్రాక్ మైకులోకి లీక్ కావడం తగ్గుతుంది, గది శబ్దం చెవిలోకి రావడం తగ్గుతుంది. దీనికి చెల్లించే మూల్యం కూడా ఉంది. మూసిన కప్పులో గాలి, గోడలు కలిసి కొన్ని ఫ్రీక్వెన్సీల దగ్గర శబ్దాన్ని ఉబ్బిస్తాయి, స్టీరియో వెడల్పు కాస్త తగ్గినట్టు వినిపిస్తుంది. మిక్సింగ్ అంతా హెడ్‌ఫోన్ మీదే చేస్తాం, గదిలో మైకు తెరిచే పనే లేదు అనుకుంటే ఓపెన్ బ్యాక్ తీసుకోవడమే తెలివి. గాయకులకు, డబ్బింగ్‌కు, లొకేషన్ సౌండ్‌కు, ఎడిటింగ్‌లో నోటి చప్పుళ్లూ క్లిక్కులూ ఏరడానికి మాత్రం క్లోజ్డ్ కావాల్సిందే.

డబ్బింగ్ ఆర్టిస్టులు చాలామంది ఒక చెవి వదిలేసి వింటారు. అలా వాడితే వదిలేసిన కప్పు గదిలోకి మోగుతుంది, ఎంత మంచి క్లోజ్డ్ బ్యాక్ అయినా లీకు ఆపలేదు. అలాంటి చోట సెన్‌హైజర్ హెచ్‌డీ 25లా ఒక కప్పు వెనక్కి తిప్పగలిగేది తీసుకోండి. లేదా ఇంటర్‌ఫేస్ (మైకుని, హెడ్‌ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపే పెట్టె) సాఫ్ట్‌వేర్‌లో ఆ చెవి వైపు చానల్‌ని మ్యూట్ చేయండి.

## సీల్ పరీక్ష

క్లోజ్డ్ బ్యాక్‌లో బేస్ అంతా సీల్ మీద ఆధారపడుతుంది. ప్యాడ్‌కీ తలకీ మధ్య చిన్న సందు ఉన్నా 100 హెర్ట్జ్ కింద స్థాయి పడిపోతుంది. కళ్లజోడు కాడలు, వేలాడే కమ్మలు, చెవి ముందు జుట్టు మామూలుగా దీనికి కారణాలు. అద్దాలు పెట్టుకునేవాళ్లు అద్దాలతోనే పరీక్షించాలి, దుకాణంలో అద్దాలు తీసి విని కొనేస్తే ఇంట్లో వేరే హెడ్‌ఫోన్ విన్నట్టుంటుంది.

పద్ధతి సులువు. 50 హెర్ట్జ్ సైన్ టోన్‌ని (ఒకే ఫ్రీక్వెన్సీ ఉన్న శుద్ధ స్వరం) తక్కువ వాల్యూమ్‌లో పెట్టండి. రెండు కప్పుల్నీ అరచేతులతో మెల్లగా లోపలికి నొక్కండి. టోన్ స్థాయి కొద్దిగా మారితే ఫర్వాలేదు. నొక్కగానే బాగా పెరిగి, వదలగానే పడిపోతే సీల్ లేదు. హెడ్‌బ్యాండ్ ఒక గీత కిందికి దించి చూడండి, కప్పు కొంచెం ముందుకో వెనక్కో జరపండి, అద్దాల కాడ కింద ప్యాడ్ ఎలా కూర్చుందో వేలితో తడిమి చూడండి. వెల్వెట్ ప్యాడ్ కన్నా మెత్తటి తోలు రకం ప్యాడ్ సీల్ బాగా పడుతుంది కానీ మన ఎండల్లో అరగంటకే చెమట పడుతుంది. డీటీ 770 ప్రో 80, 250 ఓమ్‌లవి వెల్వెట్ లాంటి ప్యాడ్‌లతో, 32 ఓమ్‌లది తోలు రకం ప్యాడ్‌తో వస్తాయి. కాబట్టి ఈ మూడింటి మధ్య మీరు విన్న బేస్ తేడాని ఓమ్‌ల ఖాతాలో వేసే ముందు ప్యాడ్‌లు మార్చి వినాలి.

కనీసం నలభై నిమిషాలు తలమీద ఉంచి చూడండి. నడినెత్తిన నొప్పి, దవడ దగ్గర బిగుతు, చెవి కొస డ్రైవర్ జాలీకి తగలడం మొదటి ఐదు నిమిషాల్లో తెలియవు. చెవి లోపలి జాలీకి తగులుతుంటే అది సౌకర్యం సమస్యే కాదు, డ్రైవర్‌కీ చెవికీ దూరం మారి పై ఫ్రీక్వెన్సీలు కూడా మారతాయి.

## చెవితో పరీక్ష

ఎప్పుడూ రెండు హెడ్‌ఫోన్‌లు పక్కపక్కన పెట్టి వినాలి, అదీ సమాన స్థాయిలో. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినా అదే బాగుందనిపిస్తుంది. స్థాయి సమం చేయడానికి ఒక గట్టి అట్టముక్క తీసుకుని మధ్యలో ఫోన్ మైకు పట్టేంత రంధ్రం చేయండి. ఒక కప్పుని అట్టకి ఒకవైపు పూర్తిగా ఆనించి, రెండోవైపు ఫోన్ మైకు రంధ్రానికి ఆనించి, పింక్ నాయిస్ (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన హోరు) పెట్టి శబ్దం కొలిచే యాప్‌లో అంకె చూడండి. రెండో హెడ్‌ఫోన్‌కీ అదే అంకె వచ్చేలా వాల్యూమ్ సర్దండి. ఫోన్ చూపే అంకె నిజమైన డెసిబెల్ కాదు, పోల్చడానికి మాత్రం పనికొస్తుంది. అట్ట మీద తీసిన ఫ్రీక్వెన్సీ గ్రాఫ్‌ని మాత్రం నమ్మకండి. చెవి డొప్ప ఆకారం, చెవి గొట్టం అందులో లేవు కాబట్టి 1 కిలోహెర్ట్జ్ పైన ఆ గ్రాఫ్‌కి అర్థం లేదు. ఎడమ కప్పునీ కుడి కప్పునీ పోల్చడానికి మాత్రం అది చక్కగా పనికొస్తుంది.

తర్వాత వరసగా ఇవి వినండి.

20 హెర్ట్జ్ నుంచి 20 కిలోహెర్ట్జ్ దాకా నెమ్మదిగా సాగే సైన్ స్వీప్, తక్కువ స్థాయిలో. 30 నుంచి 80 మధ్య ఏదైనా జరజరమని మోగితే డ్రైవర్ మీద వెంట్రుక పడి ఉండొచ్చు. ఇది చాలా మామూలు. ప్యాడ్ తీసి, లోపలి పలచటి ఫోమ్ ఎత్తి, టార్చి వెలుగులో చూడండి. డయాఫ్రమ్‌ని వేలితో ముట్టుకోకూడదు, నోటితో గట్టిగా ఊదకూడదు. వెంట్రుక లేకుండానే మోగుతుంటే వాపసు ఇచ్చేయండి.

మోనో పింక్ నాయిస్. శబ్దం సరిగ్గా నెత్తి మధ్యలో ఉండాలి. ఎడమకి లాగుతోందనుకోండి, హెడ్‌ఫోన్ తిప్పి పెట్టుకోండి. లాగుడు ఇప్పుడు కుడిచెవికి మారితే తప్పు హెడ్‌ఫోన్‌లోనో, అది గుచ్చిన పరికరంలోనో ఉంది. ఎడమలోనే ఉండిపోతే తప్పు మీ చెవిదో, కప్పు కూర్చున్న తీరుదో. మొదటి సందర్భంలో అదే హెడ్‌ఫోన్‌ని వేరే పరికరానికి గుచ్చి చూడండి. లాగుడు పోతే తప్పు మొదటి పరికరానిది, పోకపోతే హెడ్‌ఫోన్‌ది.

గొంతు. మీకు బాగా తెలిసిన ఒక పొడి రికార్డింగ్, రివెర్బ్ లేనిది, వినండి. స, ష, చ అక్షరాల దగ్గర సూది గుచ్చినట్టుంటే 5 నుంచి 9 కిలోహెర్ట్జ్ మధ్య పీక్ ఉంది. డీటీ 770కి ఆ ప్రాంతంలో కాస్త ఎక్కువ మెరుపు ఉంది. సోనీ ఎండీఆర్-7506కీ పై ఫ్రీక్వెన్సీలు ఎక్కువే, అందుకే నోటి చప్పుళ్లు పట్టుకోవడానికి ఎడిటర్లు దాన్ని వదలరు. ఈ గుణం ఎడిటింగ్‌లో లాభం, మిక్సింగ్‌లో నష్టం. పదునైన హెడ్‌ఫోన్ మీద డీ-ఎస్సింగ్ (స, ష పదును తగ్గించడం) చేస్తే గొంతు మొద్దుబారిపోతుంది.

తంబూర శ్రుతి. నిలకడగా మోగే తంబూర కప్పు ప్రతిధ్వనిని భలే బయటపెడుతుంది. ఏదో ఒక స్వరం దగ్గర పెట్టెలోంచి వస్తున్నట్టు వినిపిస్తే అది కప్పు రెజొనెన్స్. మృదంగం ఎడమ వైపు గుమికి, తబలా బాయా జారుడికి కూడా ఇదే చెవి పెట్టండి. ఒక్కో దెబ్బకీ ఒక్కో లోతు వినపడాలి, అన్నీ ఒకే గుమ్ములా వినిపిస్తే 100 నుంచి 200 మధ్య ఉబ్బు ఉంది.

ఏకేజీ కే371 లాంటివి హార్మన్ పరిశోధకులు శ్రోతల ఇష్టాల ఆధారంగా రూపొందించిన లక్ష్య గ్రాఫ్‌కి దగ్గరగా ఉంటాయి. అలాంటిది ఒకటి దగ్గర పెట్టుకుని పోల్చితే మిగతావాటి వంకర త్వరగా తెలుస్తుంది. దాని సీల్ మాత్రం తలను బట్టి మారుతుంది, మళ్లీ పైన చెప్పిన 50 హెర్ట్జ్ పరీక్షకే రావాలి.

## బయటి శబ్దం, మైకులో లీకు

డబ్బా మీద శబ్ద నిరోధం అంకెలు పోల్చేటప్పుడు జాగ్రత్త. సెన్‌హైజర్ హెచ్‌డీ 280 ప్రోకి గరిష్ఠంగా 32 డెసిబెల్స్ అని ఉంటుంది, డీటీ 770 ప్రోకి సుమారు 18 అని ఉంటుంది. మొదటిది ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర వచ్చే అత్యధిక విలువ, రెండోది అన్నిటినీ కలిపి తూచిన విలువ. రెంటినీ ఒకే కొలమానంతో చూడకూడదు. పైగా చెవి మీది కప్పు ఏదైనా పై శబ్దాల్నే ఆపుతుంది. సీలింగ్ ఫ్యాన్ గాలి హోరు తగ్గుతుంది, జెనరేటర్ గుమ్మనడం, లారీ గురగుర చాలావరకు అలాగే వస్తాయి.

లీకుని రికార్డ్ చేసి చూడటమే మార్గం. మైకు గెయిన్‌ని (సిగ్నల్‌ని ఎంత పెంచాలన్నది) గొంతు పీక్‌లు రికార్డింగ్ మీటర్‌లో -12 డెసిబెల్స్ దగ్గర ఉండేలా సర్దండి. తర్వాత ఎవరూ పాడకుండా, హెడ్‌ఫోన్ తలమీద ఉండగా, పాడేవాళ్లు నిలబడే దూరంలోనే, పని చేసే వాల్యూమ్‌లోనే క్లిక్ వేసి ఒక నిమిషం రికార్డ్ చేయండి. లీకు పీక్ -60 కన్నా కింద ఉంటే దాదాపు ఏ పాటకైనా సరిపోతుంది. -45 దగ్గర ఉంటే కంప్రెసర్ మరో 10, 15 డెసిబెల్స్ పైకి లేపుతుంది, పల్లవి చివర సాగదీసిన స్వరం కింద టిక్ టిక్ అని వినబడుతుంది. హెడ్‌ఫోన్ మార్చే ముందు క్లిక్ మార్చి చూడండి. కర్ర చప్పుడు లాంటి పదునైన క్లిక్ బదులు 2 కిలోహెర్ట్జ్ పైన కోసేసిన పొట్టి టోన్ పెట్టండి, పాట ఆగే చోట క్లిక్ వాల్యూమ్ దిగేలా ఆటోమేషన్ రాయండి. సగం ఇబ్బందులు అక్కడే తీరతాయి.

## ఆంప్ లెక్క

హెడ్‌ఫోన్ స్పెసిఫికేషన్‌లో కావాల్సినవి రెండు: ఇంపెడెన్స్ (ఓమ్‌లు), సెన్సిటివిటీ (ఇచ్చిన సిగ్నల్‌కి ఎంత బిగ్గరగా మోగుతుందో). సెన్సిటివిటీని కొందరు ఒక మిల్లీవాట్‌కి చెబుతారు, కొందరు ఒక వోల్ట్‌కి. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సోనీ ఎండీఆర్-7506కి 63 ఓమ్‌లు, మిల్లీవాట్‌కి 106 డెసిబెల్స్. హెచ్‌డీ 25కి 70 ఓమ్‌లు, వోల్ట్‌కి 120. పైపైన చూస్తే 14 డెసిబెల్స్ తేడా. ఒకే కొలతకి తెస్తే సోనీది వోల్ట్‌కి 118, అంటే తేడా 2 మాత్రమే.

మిల్లీవాట్ విలువని వోల్ట్ విలువగా మార్చడానికి కలపాల్సిన అంకెలు ఇవి: 16 ఓమ్‌లకు 18, 32కి 15, 38కి 14, 64కి 12, 80కి 11, 250కి 6. వేరే ఓమ్‌లకైతే 1000ని ఓమ్‌లతో భాగించి, ఆ ఫలితానికి పది ఆధారంగా లాగరిథమ్ తీసి, పదితో గుణించండి.

తర్వాత ఎంత స్థాయి కావాలో నిర్ణయించుకోండి. పనిలో సగటున 75 నుంచి 80 డెసిబెల్స్ దగ్గర వింటే చెవికి మంచిది. పీక్‌లు సగటుకి 20 దాకా పైన ఉండొచ్చు, దానికి కాస్త వెసులుబాటు కలిపి 110 డెసిబెల్స్ పీక్ లక్ష్యంగా పెట్టుకుంటే సరిపోతుంది. డ్రమ్స్, డప్పు, తవిల్ వాయించేవాళ్లకు మరో 5 కావాలి. కానీ వాళ్లకు వాల్యూమ్ పెంచడం కన్నా శబ్దం బాగా ఆపే హెడ్‌ఫోన్ ఇవ్వడమే సరైన పని. పనిచోటుకి అమెరికా సంస్థ నియోష్ సిఫార్సు చేసే హద్దు 85 డెసిబెల్స్ దగ్గర 8 గంటలు, ప్రతి 3 డెసిబెల్స్‌కీ సమయం సగమవుతుంది. 94 దగ్గర గంటకి మించకూడదు.

ఇప్పుడు డీటీ 770 ప్రో మూడు మోడళ్లనీ లెక్కకి పెడదాం. మూడింటికీ తయారీదారు చెప్పేది మిల్లీవాట్‌కి 96 డెసిబెల్సే. 110కి 14 డెసిబెల్స్ కావాలి, అంటే 25 మిల్లీవాట్లు, మూడింటికీ అంతే. తేడా ఆ 25 మిల్లీవాట్లు ఏ రూపంలో కావాలన్న దాంట్లో ఉంది.

32 ఓమ్‌లకి: సుమారు 0.9 వోల్ట్, 28 మిల్లీఆంపియర్లు.
80 ఓమ్‌లకి: 1.4 వోల్ట్‌లు, 18 మిల్లీఆంపియర్లు.
250 ఓమ్‌లకి: 2.5 వోల్ట్‌లు, 10 మిల్లీఆంపియర్లు.

పోలికకి, ఆడియో-టెక్నికా ఏటీహెచ్-ఎం50ఎక్స్ 38 ఓమ్‌లు, 99 డెసిబెల్స్, 0.7 వోల్ట్ చాలు. సోనీ 7506కి 0.4 వోల్ట్ చాలు. ఈ రెంటికీ విడిగా ఆంప్ కొనడం దాదాపు ఎప్పుడూ అక్కర్లేదు.

ఎక్కువ ఓమ్‌లవి కోరేది వోల్టేజి, తక్కువ ఓమ్‌లవి కోరేది కరెంట్. మ్యాక్‌బుక్ విషయం ఇక్కడ తేలుతుంది. ఆ హెడ్‌ఫోన్ జాక్ గుచ్చినదాని ఇంపెడెన్స్‌ని గుర్తుపట్టి, 150 ఓమ్‌ల కన్నా తక్కువైతే 1.25 వోల్ట్‌ల దాకా, 150 నుంచి 1000 మధ్యైతే 3 వోల్ట్‌ల దాకా ఇస్తుంది. 80 ఓమ్‌ల డీటీ 770కి వోల్ట్‌కి 107, 1.25 వోల్ట్‌ల దగ్గర 109. 250 ఓమ్‌ల దానికి వోల్ట్‌కి 102, 3 వోల్ట్‌ల దగ్గర 111కి పైనే. ఒక వోల్ట్ మాత్రమే ఇచ్చే డాంగిల్ దగ్గర అదే 250 ఓమ్‌లది 102తో ఆగిపోతుంది.

102 తక్కువేమీ కాదుగా అనిపించవచ్చు. పూర్తిచేసిన సినిమా పాటకి తక్కువ కాదు, సగటు స్థాయి పీక్‌కి 8, 10 డెసిబెల్స్ కిందే ఉంటుంది కాబట్టి చెవులు గింగిర్లెత్తేంత మోగుతుంది. రికార్డింగ్‌లో ఉన్న ముడి ట్రాక్ సగటు -18, -20 దగ్గర ఉంటుంది. అక్కడ 102 కాస్తా 80కి కాస్త పైన ఆగుతుంది, పక్కన డప్పు మోగుతుంటే అది చాలదు. పాటలు విని చూసి ఆంప్ అక్కర్లేదనుకున్నవాళ్లకు రికార్డింగ్ రోజున ఇబ్బంది రావడానికి కారణం ఇదే.

ఈక్యూ (ఎంచుకున్న ఫ్రీక్వెన్సీలను పెంచే, తగ్గించే సాధనం) వాడేవాళ్లు మరో సంగతి గుర్తుంచుకోవాలి. బేస్ 6 డెసిబెల్స్ పెంచితే క్లిప్ కాకుండా (హద్దు దాటి శబ్దం చిట్లకుండా) మొత్తం స్థాయిని 6 తగ్గించాలి. ఆ తగ్గింపుని ఆంప్ పూడ్చాలి, అంటే రెట్టింపు వోల్టేజి. హెడ్‌ఫోన్ కరెక్షన్ సాఫ్ట్‌వేర్‌లకీ ఇదే వర్తిస్తుంది.

ఇంటర్‌ఫేస్ స్పెసిఫికేషన్‌లో హెడ్‌ఫోన్ అవుట్‌పుట్‌ని డీబీయూలో (వోల్టేజిని చెప్పే డెసిబెల్ కొలత) ఇస్తే, 0 అంటే 0.775 వోల్ట్, +7 అంటే 1.73, +10 అంటే 2.45. మిల్లీవాట్లలో ఇస్తే ఏ ఓమ్‌ల దగ్గరో తప్పక చూడండి. 32 ఓమ్‌లకు 100 మిల్లీవాట్లు అని రాసిన పెట్టె ఇచ్చేది 1.8 వోల్ట్‌లు. అదే వోల్టేజి 250 ఓమ్‌లకి వెళితే 13 మిల్లీవాట్లే, అంటే 107 డెసిబెల్స్. లోడ్ చెప్పకుండా మిల్లీవాట్లు మాత్రం రాసిన ప్రకటనకి విలువ లేదు.

## అవుట్‌పుట్ ఇంపెడెన్స్ కొలవడం

వోల్టేజి చాలినా ధ్వని మారిపోయే సందర్భం ఒకటుంది. హెడ్‌ఫోన్ ఇంపెడెన్స్ అన్ని ఫ్రీక్వెన్సీల దగ్గరా ఒకటి కాదు, డైనమిక్ డ్రైవర్‌కి బేస్ రెజొనెన్స్ దగ్గర గుట్టలా లేస్తుంది. ఆంప్ సొంత ఇంపెడెన్స్ ఎక్కువుంటే ఆ గుట్ట దగ్గర స్థాయి పెరుగుతుంది. 32 ఓమ్‌ల హెడ్‌ఫోన్ గుట్ట దగ్గర 64కి లేస్తుందనుకుంటే, 47 ఓమ్‌ల అవుట్‌పుట్ మీద అక్కడ 3 డెసిబెల్స్ బేస్ అదనంగా వస్తుంది. 1 ఓమ్ అవుట్‌పుట్ మీద ఆ తేడా 0.13, చెవికి తెలియదు. హెడ్‌ఫోన్ ఓమ్‌లలో ఎనిమిదో వంతుకి మించకపోతే చాలన్నది వాడుకలో ఉన్న కొలత. 32కి 4 ఓమ్‌లు, 80కి 10, 250కి 31. పాత మిక్సర్లు, రిసీవర్లలో ఈ విలువ చాలా ఎక్కువ ఉండొచ్చు, 1996 నాటి ఐఈసీ 61938 ప్రమాణం సూచించినదే 120 ఓమ్‌లు. అలాంటి చోట 250 ఓమ్‌ల మోడలే తక్కువ దెబ్బతింటుంది. పాత మిక్సర్ ఉన్న స్టూడియోలో 250 కొనడానికి ఇది గట్టి కారణం.

కొలవడానికి కావాల్సినవి: అర వాట్ రెసిస్టర్లు 33 ఓమ్‌లవి రెండు, 82 ఓమ్‌లవి రెండు, స్టీరియో ప్లగ్‌లు రెండు, మల్టీమీటర్. రెసిస్టర్లు, ప్లగ్‌లు హైదరాబాద్‌లోనైతే కోఠి గుజరాతీ గల్లీలో చిల్లరకి దొరుకుతాయి. మల్టీమీటర్ దగ్గర చిక్కుంది. బాగా చవకవాటిలో ఏసీకి 200, 750 వోల్ట్‌ల రేంజ్‌లే ఉంటాయి, అర వోల్ట్‌ని అవి చదవలేవు. 2 వోల్ట్‌ల ఏసీ రేంజ్ ఉన్నదో, ఆటో రేంజ్‌దో కావాలి.

ప్లగ్ కొస ఎడమ, మధ్య రింగు కుడి, మొదలు గ్రౌండ్. ఒక ప్లగ్‌లో కొసకీ మొదలుకీ మధ్య 33, రింగుకీ మొదలుకీ మధ్య 33 టంకం పెట్టండి. రెండో ప్లగ్‌లో అలాగే 82. ఇప్పుడు 100 హెర్ట్జ్ సైన్ టోన్ వేయండి. ఎక్కువ ఫ్రీక్వెన్సీ వద్దు, చవక మీటర్లు కొన్ని వందల హెర్ట్జ్ దాటితే తప్పు చూపుతాయి. 82 పెట్టి 0.5 వోల్ట్ దగ్గరికి వాల్యూమ్ తెచ్చి రీడింగ్ రాసుకోండి. వాల్యూమ్ ముట్టుకోకుండా 33 పెట్టి రీడింగ్ రాసుకోండి. ప్రతి రీడింగ్‌నీ దాని రెసిస్టర్‌తో భాగిస్తే కరెంట్ వస్తుంది. వోల్టేజిల తేడాని కరెంట్ల తేడాతో భాగిస్తే అవుట్‌పుట్ ఇంపెడెన్స్. ఉదాహరణకి 0.494, 0.485 వస్తే సుమారు 1 ఓమ్. అసలు లోడ్ లేకుండా ఒక రీడింగ్, లోడ్‌తో ఒక రీడింగ్ తీసే పద్ధతి పుస్తకాల్లో ఉంటుంది కానీ, లోడ్‌ని గుర్తుపట్టి గెయిన్ మార్చే మ్యాక్‌బుక్ లాంటి వాటి దగ్గర అది తప్పుదారి పట్టిస్తుంది. అందుకే రెండు లోడ్‌లు, రెండూ 150 ఓమ్‌ల కిందివే.

పనిలో పనిగా గరిష్ఠ వోల్టేజి కూడా చూడండి. ఈ పరీక్షలో హెడ్‌ఫోన్ పెట్టకూడదు, రెసిస్టర్ లోడ్ మాత్రమే. పూర్తి స్థాయి టోన్ వేసి వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోతే ఒక చోట రీడింగ్ పెరుగుదల మందగిస్తుంది, అక్కడి నుంచి క్లిప్పింగ్. 250 ఓమ్‌ల హెడ్‌ఫోన్ కోసమైతే 270 ఓమ్‌ల రెసిస్టర్‌తో చూడండి. పాత ఆంప్ కొంటుంటే టోన్ ఆపి డీసీ కూడా కొలవండి. కొన్ని మిల్లీవోల్ట్‌లు మామూలే, 50 దాటితే ఆ ఆంప్‌కి హెడ్‌ఫోన్ గుచ్చకండి.

## ఆంప్ ఎక్కువైనా తిప్పలే

7506, హెచ్‌డీ 25 లాంటి సెన్సిటివ్ హెడ్‌ఫోన్‌లకి బలమైన ఆంప్ పెడితే రెండు ఇబ్బందులు. మొదటిది హిస్, అంటే సన్నగా బుస్సుమనే శబ్దం. ఆంప్ అవుట్‌పుట్‌లో 50 మైక్రోవోల్ట్‌ల శబ్దం ఉంటే వోల్ట్‌కి 118 ఇచ్చే హెడ్‌ఫోన్‌లో అది 32 డెసిబెల్స్, నిశ్శబ్దమైన వోకల్ బూత్‌లో స్పష్టంగా వినబడుతుంది. అదే ఆంప్ మీద 250 ఓమ్‌ల డీటీ 770లో 16 డెసిబెల్సే. రెండోది వాల్యూమ్ నాబ్. మొదటి పావు తిప్పులోనే స్థాయి అందిపోతే అక్కడ చవక పొటెన్షియోమీటర్లు ఎడమ కుడి సమానంగా ఇవ్వవు. గెయిన్ స్విచ్ ఉంటే తక్కువలో పెట్టండి, లేకపోతే సాఫ్ట్‌వేర్‌లో 10, 12 డెసిబెల్స్ తగ్గించి నాబ్‌ని సగం దగ్గరికి తెచ్చుకోండి.

గుమ్మని 50, 100 హెర్ట్జ్ హమ్ వస్తే ఆంప్‌ని తిట్టే ముందు ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద వినండి. ఆగిపోతే దారి చార్జర్, ఎర్తింగ్ వైపు ఉంది. ప్లగ్ పాయింట్‌లో ఎర్త్ నిజంగా ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మూడో పిన్ను విరగ్గొట్టడం పరిష్కారం కాదు, ప్రమాదం.

## గుచ్చడంలో జరిగే పొరపాట్లు

ఇంటర్‌ఫేస్ వెనక ఉన్న బ్యాలెన్స్‌డ్ లైన్ అవుట్‌లో హెడ్‌ఫోన్ జాక్ సరిగ్గా పడుతుంది, శబ్దమూ వస్తుంది. కానీ అది ఒకే చానల్, కుడి చెవికి తిరగేసిన ఫేజ్‌లో. గొంతు తల మధ్యలో లేకుండా చుట్టూ తేలుతున్నట్టుంటే ముందు ఇదే చూడండి. 3.5 నుంచి 6.35కి మార్చే అడాప్టర్ పూర్తిగా లోపలికి కూర్చోకపోయినా, స్టీరియో బదులు మోనో అడాప్టర్ పెట్టినా ఒక చెవి పోతుంది. మోనో అడాప్టర్ కుడి చానల్‌ని గ్రౌండ్‌కి షార్ట్ కూడా చేస్తుంది.

యాపిల్ సీ టైప్ డాంగిల్ ఐఫోన్, మ్యాక్ మీద సుమారు 1 వోల్ట్ ఇస్తుంది, యూరప్‌లో అమ్మేది దాంట్లో సగమే. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్ల మీద డాంగిల్ లోపలి వాల్యూమ్ తక్కువలో ఇరుక్కుపోయి బాగా నెమ్మదిగా మోగుతుంది. అది హెడ్‌ఫోన్ లోపం కాదు.

ఇద్దరు గాయకులకి వై కేబుల్‌తో రెండు హెడ్‌ఫోన్‌లు ఇస్తే ఇంపెడెన్స్ సగమవుతుంది. రెండు 80లు కలిస్తే 40, చాలా అవుట్‌పుట్‌లు భరిస్తాయి. రెండు 32లు కలిస్తే 16, చిన్న డాంగిల్‌కి కరెంట్ చాలక బేస్ దెబ్బలు నలుగుతాయి. ఒక 250, ఒక 32 కలపడం అన్నిటికన్నా చెడ్డది. వోల్టేజి ఒకటే కాబట్టి 32ది 9 డెసిబెల్స్ ఎక్కువ మోగుతుంది, ఒకరికి చెవులు పగిలితే ఇంకొకరికి వినపడదు. ముగ్గురు దాటితే ఒక్కొక్కరికి విడి నాబ్ ఉన్న నాలుగు చానళ్ల పంపిణీ ఆంప్ తీసుకోండి, అన్ని హెడ్‌ఫోన్‌లూ ఒకే మోడల్ ఉంచండి. గాయకుల బూత్‌కి 80 ఓమ్‌ల డీటీ 770 ఎక్కువచోట్ల సరిపోతుంది, 3 మీటర్ల తిన్నని కేబుల్‌తో వస్తుంది. ఆ కేబుల్ ఊడదీసి మార్చేది కాదు, కుర్చీ చక్రం కింద పడితే టంకమే గతి. కేబుల్ నలిగిపోయే చోట ఊడే కేబుల్ ఉన్న ఎం50ఎక్స్, లేదా 2024లో వచ్చిన 48 ఓమ్‌ల డీటీ 770 ప్రో ఎక్స్ మేలు.

ప్యాడ్‌లు ఖర్చులో భాగమే అనుకోండి. తోలు రకం ప్యాడ్‌లు చెమటకి, తేమకి పొరలు ఊడతాయి, 7506వి ఇందుకు పేరుమోసినవి. పొర ఊడిన చోట సీల్ పోతుంది, ఫోమ్ నలిగితే చెవి డ్రైవర్‌కి దగ్గరై ధ్వని మారుతుంది. కొత్త ప్యాడ్‌లు వేరే కంపెనీవి వేస్తే మందం, రంధ్రాలు తేడా వచ్చి బేస్, పై ఫ్రీక్వెన్సీలు రెండూ జరుగుతాయి. అందుకే కొన్న రోజే అట్టముక్క మీద కొలత ఒకటి తీసి పెట్టుకుని, ప్యాడ్ మార్చినప్పుడల్లా అదే అట్ట, అదే ఫోన్‌తో మళ్లీ తీసి పోల్చుకోండి. అట్ట మీద ఒక ప్యాడ్‌కి 100 హెర్ట్జ్ కింద స్థాయి 3 డెసిబెల్స్ పడిందంటే ఆ ప్యాడ్ వెనక్కి ఇచ్చేయొచ్చు.